తెరమీది వ్రాతను నిలుపుకొనుట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



 పుస్తకములను గూర్చియు, పఠనము వలని లాభములను గూర్చియు పెద్దలు ఇదివరకే ముచ్చటించియున్నారు. కంప్యూటరును గూర్చి ఒక్క సంగతినైనను గ్రామస్థులందఱికి బోధపడునట్లు చెప్పవలెనని నన్ను కోరియుండిరి. కంప్యూటరు మహాసముద్రము వంటిది. అందుండి దోసెడు నీరు మాత్రమే తీసి మీ ముందుంచెదను.

నే నెన్నుకొన్నది మిక్కిలి చిన్న సాధనము. తొలినాటి వ్యక్తిగత కంప్యూటర్లలో, తెరమీద కనబడుదానిని కనబడినట్లే పట్టి దాచు ప్రోగ్రాము అది. యంత్రపు జ్ఞాపకములో ఒక మూల ఒదిగి నివసించుచు, పిలిచినపుడు మాత్రమే పలుకునట్టిది. గ్రంథాలయ సభలో దీని ప్రసక్తి యేల అని మీరు అడుగవచ్చును. గ్రంథాలయము చేయు పనియే ఇదియు చేసినది. కనుమఱుగై పోవుదానిని నిలుపుటయే ఆ పని. ఎట్లు నిలిపినదో తెలిసికొన్నచో మన గ్రంథాలయమునకును కొంత ఉపయోగము కలుగునని నా విశ్వాసము.

మొదట ఆ యంత్రమును గూర్చి రెండు మాటలు. ఐ.బి.యం. సంస్థ తన వ్యక్తిగత కంప్యూటరును 1981వ సంవత్సరము ఆగస్టు నెలలో లోకమునకు పరిచయము చేసినది. అందులో ఇంటెల్ 8088 అను ప్రాసెసరు పనిచేసెడిది. అన్నిటికంటె తక్కువ వెలకు లభించిన రకములో జ్ఞాపకము, అనగా మెమొరీ, 16 కిలోబైట్లు మాత్రమే. తరువాత ఎంత పెంచినను సామాన్యముగా ప్రోగ్రాములకు దక్కిన హద్దు 640 కిలోబైట్లు. నేడు మన చేతిలోని ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము అంతకు అనేక రెట్లు చోటు నాక్రమించుచున్నది.

ఆ యంత్రమును నడపినది డాస్ అను నిర్వాహక వ్యవస్థ. దాని పద్ధతి ఒంటిగది యింటి కాపురము వంటిది. ఒక ప్రోగ్రాము ఇంటిలో నున్నంతసేపు మఱియొకదానికి ప్రవేశము లేదు. జమాఖర్చులు చూచుచున్నవాడు ఉత్తరము వ్రాయదలచినచో, లెక్కల ప్రోగ్రామును ముగించి వెలుపలికి పంపి, వ్రాత ప్రోగ్రామును లోనికి పిలువవలసియుండెడిది. ఈనాటివలె నాలుగు పనులను నాలుగు కిటికీలలో తెఱచి ఉంచుకొను సౌకర్యము ఆనాడు సామాన్యులకు లేదు.

ఇక తెర సంగతి. అడ్డముగా 80 అక్షరములు, నిలువుగా 25 పంక్తులు. మొత్తము 2000 అక్షరములు పట్టు పలక అది. క్రింద క్రొత్త పంక్తి చేరినకొలది పైనున్న పంక్తి జరిగి పోవును. పోయినది మరల రాదు. యంత్ర మేదో తప్పు జరిగినదని తెరమీద తెలుపును. దానిని బాగుచేయు వానికి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్లు చెప్పవలెనన్న, కాగితముపై చేతితో ఎక్కించుకొనవలసినదే. విద్యార్థులకు కంప్యూటరు పాఠములు వ్రాయు ఉపాధ్యాయునకు చిక్కు ఇంకను ఎక్కువ. "ఈ మీట నొక్కినచో తెర ఇట్లుండును" అని వ్రాసిన చాలదు. ఆ తెరనే పుస్తకములో చూపవలెను.

దీనికి యంత్ర నిర్మాతలే మొదట ఒక ఉపాయము చేసిరి. షిఫ్టు మీటతో కూడ 'ప్రింట్ స్క్రీన్' అను మీటను నొక్కినచో, తెరమీది అక్షరములు అచ్చుయంత్రమునకు పోయి కాగితముపై పడెడివి. నేటి కంప్యూటర్ల మీటల పలకలపై ఆ పేరు ఇంకను నిలిచి యుండుటకు కారణ మదియే. ఈనాడు ఆ మీట నొక్కినను కాగిత మేదియు వెలువడదు. పేరు మాత్రము పూర్వచరిత్రకు సాక్షిగా మిగిలినది. ఆ ఉపాయము అక్షరములకే పనికివచ్చినది, బొమ్మలకు పనికిరాలేదు. 1983లో వెలువడిన డాస్ రెండవ కూర్పులో 'గ్రాఫిక్స్' అను ఆజ్ఞ చేరి, బొమ్మల తెరను గూడ కాగితమున కెక్కించు మార్గము చూపినది. అయినను కాగితమున కెక్కినది కాగితముననే ఉండును. దానిని మఱియొక పత్రములో చేర్చుటకు గాని, దిద్దుటకు గాని, ఫైలుగా దాచి దూరప్రాంతమునకు పంపుటకు గాని వీలులేదు. తెరను డిస్కుపైననే దాచు సాధనము కావలసియుండెను.

ఇక్కడనే చిక్కు వచ్చినది. ఇంటిలో ఒక్క ప్రోగ్రామునకే చోటున్నప్పుడు, దాని తెరను పట్టు రెండవ ప్రోగ్రాము ఎక్కడ నుండవలెను? మొదటిదానిని వెలుపలికి పంపినచో పట్టవలసిన తెరయు దానితోనే పోవును గదా!

దీనికి సమాధానము డాస్‌లోనే ఒక మూల దాగియుండెను. సామాన్యముగా ప్రోగ్రాము పని ముగియగానే అది వాడుకొన్న చోటును డాస్ తిరిగి తీసికొనును. కాని, "నా పని ముగిసినది, నేనున్న చోటు మాత్రము నాకు విడిచిపెట్టుము" అని కోరుకొను హక్కు ప్రోగ్రామునకు కలదు. ఆంగ్లమున దీనిని 'టెర్మినేట్ అండ్ స్టే రెసిడెంట్' అనిరి, పొట్టిగా టి.ఎస్.ఆర్. అనిరి. ముగిసియు నివసించునది అని అర్థము. మనము దానిని నివాసి ప్రోగ్రాము అని పిలుచుకొందము. 1984లో బోర్లాండ్ సంస్థ వెలువరించిన సైడ్‌కిక్ అను నివాసి ప్రోగ్రాము ఈ విధానమునకు గొప్ప ప్రచారము తెచ్చినది. ఏ పనిలో నున్నను రెండు మీటలు కలిపి నొక్కగానే లెక్కలు కట్టు సాధనమును, టిప్పణముల పుస్తకమును, పంచాంగమును తెరమీదికి వచ్చెడివి.

నివాసి ప్రోగ్రాము పిలుపు నెట్లు వినును? యంత్రపు జ్ఞాపకములో మొట్టమొదటి 1024 బైట్లు ఒక చిరునామాల పట్టిక. అందు 256 చిరునామాలు; ఒక్కొక్కదానికి 4 బైట్లు. మీట నొక్కినప్పుడును, లోపలి గడియారము కొట్టినప్పుడును ప్రాసెసరు చేతిలోని పనిని ఆపి, ఈ పట్టికను చూచి, అక్కడ వ్రాసియున్న చిరునామాకు పోయి ఆ పని నెరవేర్చి మఱల వచ్చును. నివాసి ప్రోగ్రాము మీటల పలకకు సంబంధించిన చిరునామాను తనవద్ద వ్రాసియుంచుకొని, ఆ స్థానమున తన చిరునామాను ఎక్కించును. అది మొదలు నొక్కిన ప్రతి మీటయు ముందుగా దానివద్దకే వచ్చును. తనకు గుఱుతుగా ఏర్పఱచుకొన్న మీటల కూర్పు అయినచో పనిలోనికి దిగును. కానిచో పాత చిరునామాకు పంపివేయును. మన కాలువ తూముకడ నుండు లస్కరును చూడుడు. వచ్చిన నీటినంతయు అతడు పట్టుకొనడు. వంతు వచ్చిన పొలమునకు మళ్లించి, మిగిలినదానిని దిగువకు విడిచిపెట్టును. దిగువ రైతునకు ఎగువ లస్కరు ఉన్నట్లే తెలియకుండుట మంచి లస్కరునకు గుఱుతు.

పిలుపు వచ్చిన తరువాత తెరను పట్టుట చూతము. తెరమీద కనబడు ప్రతి అక్షరమునకు జ్ఞాపకములో ఒక నియత స్థానము గలదు. అక్షరమునకు ఒక బైటు, దాని రంగునకును కాంతికిని మఱియొక బైటు. కావున తెర మొత్తమునకు 4000 బైట్లు. వానిని అచ్చముగా నకలు తీసికొని తన చోట ఉంచుకొనుట నివాసికి రెప్పపాటు పని. తీసిన నకలును డిస్కుపై వ్రాయుటయే కష్టము.

ఏల యనగా, డిస్కుపై వ్రాయుటకు డాస్ సహాయము కావలెను. ఆ డాస్ ఒక పని మధ్యలో నున్నప్పుడు రెండవ పని చెప్పినచో మొదటిదానిని మఱచిపోవు స్వభావము గలది. కల్లములో బస్తాలు లెక్కించువానిని నడుమ పిలిచి వేఱొక లెక్క అప్పగించినచో, రెండు లెక్కలును చెడును గదా! అందుచేత డాస్ తీరికగా నున్నదా లేదా అని తెలుపు గుఱుతు ఒకటి జ్ఞాపకములో ఏర్పాటయి యున్నది. తెలివిగల నివాసి మొదట దానిని చూచును. తీరిక లేనిచో ఊరకుండును. లోపలి గడియారము సెకనునకు సుమారు 18 మాఱులు కొట్టును. కొట్టినపుడెల్ల మఱల చూచి, తీరిక దొరకిన క్షణమున తన ఫైలు వ్రాసికొని తప్పుకొనును. ఈ మర్యాద తెలియని ప్రోగ్రాములు యంత్రమును స్తంభింపజేసెడివి. అట్లు స్తంభించినచో అప్పటివరకు దాచుకొనని పని యంతయు గంగలో కలిసినట్లే.

బొమ్మల తెరకు చోటు మఱింత కావలెను. 1987లో వచ్చిన వి.జి.ఏ. తెర అడ్డముగా 640, నిలువుగా 480 చుక్కలతో, 16 రంగులతో నుండెడిది. లెక్క కట్టినచో అట్టి ఒక్క తెరకు 1,53,600 బైట్లు. ఆనాడు విరివిగా వాడిన 360 కిలోబైట్ల ఫ్లాపీ డిస్కులో కుదింపక దాచినచో అట్టివి రెండు మాత్రమే పట్టును. మూడవదానికి చోటు లేదు. అక్షరముల తెరలైనచో అదే డిస్కులో ఎనుబదికి మించి పట్టును. కావున దేనిని దాచవలెను, దేనిని విడువవలెను అను వివేకము ఆనాటివారికి తప్పనిసరి యయ్యెను.

ఒక నిజమైన ఉదాహరణము చెప్పెదను. అమెరికాలోని యూటా రాష్ట్రమునకు చెందిన వర్డ్‌పర్ఫెక్ట్ సంస్థ 1988లో తన వ్రాత ప్రోగ్రాము అయిదవ కూర్పును వెలువరించినది. పత్రములలో బొమ్మలు చేర్చు సౌకర్యము అందులో వచ్చినది. దానితో కూడ 'గ్రాబ్' అను చిన్న నివాసి ప్రోగ్రామును ఇచ్చిరి. పట్టుకొనుట అని ఆ మాటకు అర్థము. వాడు విధానము ఇది. మొదట డాస్ ఆజ్ఞాపంక్తివద్ద గ్రాబ్ అని వ్రాసి దానిని జ్ఞాపకములో నిలుపవలెను. తరువాత బొమ్మలు చూపు ప్రోగ్రామును నడపవలెను. కావలసిన బొమ్మ తెరమీదికి రాగానే ఆల్ట్, షిఫ్ట్, ఎఫ్9 అను మూడు మీటలను కలిపి నొక్కవలెను. రెండు స్వరముల ధ్వని వినబడి, తెరమీద ఒక చతురస్రపు గీత కనబడును. బాణపు మీటలతో దానిని జరుపుచు, పెంచుచు, తగ్గించుచు, కావలసినంత భాగమును చుట్టి ఎంటర్ మీటను నొక్కినచో ఆ భాగము ఫైలుగా డిస్కు కెక్కును. మొదటి ఫైలునకు గ్రాబ్ అని పేరు. తరువాతి వానికి ఆ పేరుతో కూడ వరుస సంఖ్య చేరును. ఆ ఫైలును తిన్నగా పాఠములోనో పుస్తకములోనో చేర్చుకొనవచ్చును. అక్షరముల తెరను మాత్రము అది పట్టదు. అందులకు వేఱు సాధనములు ఉండెడివి.

ఇందు ముఖ్యముగా గమనింపవలసినది ఆ మొదటి మెట్టు. గ్రాబ్‌ను ముందుగా నిలిపిన పిమ్మటనే బొమ్మల ప్రోగ్రామును పిలువవలెను. అపురూపమైన తెర ఒకటి కనబడిన తరువాత, "అయ్యో, దీనిని పట్టవలె" ననుకొని అప్పుడు గ్రాబ్‌ను వెదకినచో ఫలము లేదు. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వినట్లగును. నివాసి ప్రోగ్రాము యొక్క బలమంతయు అది అవసరమునకు ముందే అచట నుండుటలో గలదు.

ఇట్టి నివాసులవలన కష్టములును లేకపోలేదు. ఉన్న 640 కిలోబైట్లలోనే అందఱును సర్దుకొనవలెను. నలుగురు నివాసులు చేరినచో అసలు పని చేయవలసిన పెద్ద ప్రోగ్రామునకు చోటు చాలదు. ఇద్దఱు నివాసులు ఒకే మీటల కూర్పును కోరినచో తగవు తప్పదు. తొలగించుటలో వరుస యున్నది. చివర వచ్చినది ముందు పోవలెను. ఒకదానిపై నొకటి పేర్చిన కుండలలో నడిమి కుండను లాగినచో ఏమగునో మీకు తెలియును. 1991లో వచ్చిన డాస్ అయిదవ కూర్పు, పెద్ద ప్రాసెసర్లు గల యంత్రములలో నివాసులను 640 కిలోబైట్లకు పైనున్న చోటికి తరలించు మార్గము చూపి, ఈ ఇఱుకును కొంత తగ్గించినది.

ఇంకొక సంగతి చెప్పక తప్పదు. ప్రతి మీటను ముందుగా చూచు అధికారము గలవాడు మంచివాడైనచో మేలు; చెడ్డవాడైనచో? జ్ఞాపకములో నివసించు విద్యనే దుష్టులు గూడ నేర్చిరి. 1986లో లాహోరు నుండి బయలుదేరిన బ్రెయిన్ అను వైరసు జ్ఞాపకములో నిలిచి, యంత్రములో పెట్టిన ఫ్లాపీ డిస్కులకు అంటుకొనెడిది. 1987లో బయటపడిన జెరూసలేము వైరసు కూడ నివాసియే. అది 13వ తేదీ శుక్రవారము వచ్చిన దినమున, నడపబోయిన ప్రోగ్రాములను చెఱిపివేసెడిది. విద్య ఒక్కటే; బుద్ధి వేఱు. కావున మన యంత్రములో ఎవరికి నివాస మిచ్చుచున్నామో తెలిసి ఇయ్యవలెను. మీ ఫోనులో క్రొత్త యాప్ చేరునప్పుడు, తెరను చూచుటకు అనుమతి ఇమ్మని అడిగినచో, ఒక్క నిమిషము ఆగి ఆలోచింపుడు. ఆనాటి ప్రశ్న ఈనాడును అదియే.

మన భాషకు సంబంధించిన మాట ఒకటి. ఐ.బి.యం. యంత్రములో పుట్టుకతో వచ్చిన 256 గుఱుతులలో తెలుగు అక్షరము ఒక్కటియు లేదు. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై పూనాలోని సి-డాక్ సంస్థ పెంపొందించిన 'జిస్ట్' అను సాంకేతిక పద్ధతి, యంత్రములో అదనముగా అమర్చు కార్డు రూపమున వచ్చి, తెలుగుతో కూడ భారతీయ లిపులను డాస్ తెరపై నిలిపినది. భారతీయ లిపులకు ఉమ్మడిగా ఏర్పడిన ఇస్కీ సంకేతావళి 1991లో జాతీయ ప్రమాణముగా ప్రకటింపబడినది. అందు వ్రాసిన తెలుగు ఫైలును అట్టి ఏర్పాటు లేని యంత్రములో తెఱచినచో అక్షరములకు బదులు పిచ్చిగీతలు కనబడెడివి. తెరను బొమ్మగా పట్టి దాచినచో ఏ యంత్రములో చూచినను తెలుగు తెలుగుగనే యుండును. కాని ఆ బొమ్మలో ఒక మాటను వెదకుటకు గాని, దిద్దుటకు గాని సాధ్యపడదు. వ్రాతను వ్రాతగా దాచుట ఒకటి, రూపముగా దాచుట మఱియొకటి. విలువైనదానిని రెండు విధముల దాచుట బుద్ధిమంతుల పని.

1990లో విండోస్ మూడవ కూర్పు వచ్చి వ్యాపించిన పిదప ఆ మీట తెరను కాగితమునకు గాక, జ్ఞాపకములోని ఒక తాత్కాలిక స్థలమునకు పంపుట మొదలయ్యెను. క్రమముగా తెరను పట్టు పని నిర్వాహక వ్యవస్థలోనే కలిసిపోయినది. నేడు ఫోనుపై రెండు మీటలు ఒక్కసారి నొక్కినచో స్క్రీన్‌షాట్ సిద్ధము. పొలములో నిలచియే పట్టుచున్నారు. పట్టుట సులభమైనది, నిలుపుట మాత్రము సులభము కాలేదు. 1980 ప్రాంతపు ఫ్లాపీ డిస్కులు అయస్కాంత శక్తి క్షీణించి చెడిపోవుచున్నవి. చెడనివానిని చదువు యంత్రములు అరుదైనవి. ఆనాటి ప్రోగ్రాములు ఎట్లుండెడివో నేటివారికి చూపుటలో, ఆ కాలపు పుస్తకములందును పత్రికలందును అచ్చయిన తెర బొమ్మల సాయము ఎక్కువ. ఎవరో ఒకరు తగిన సమయమున మీట నొక్కి, తగిన చోట భద్రపఱచుటవలననే అవి మనకు దక్కినవి.

ఇక మన ఊరి సంగతి. భూమి వివరములు, పరీక్షా ఫలితములు, దరఖాస్తు స్థితి, సొమ్ము చెల్లింపు, అన్నియు నేడు తెరమీదనే కనబడుచున్నవి. నిన్న చూచినది నేడు మాఱవచ్చును. చూచినదానిని పట్టి ఉంచుకొనుట మంచిదే. కాని మూడు జాగ్రత్తలు విన్నవించెదను. పట్టిన బొమ్మతో కూడ ఏ తేదీన, ఎక్కడ చూచితిమో వ్రాసియుంచవలెను. లేనిచో ఏడాది తరువాత అది దేనికి సంబంధించినదో మనకే తెలియదు. రెండవది, బొమ్మ రుజువు కాదు. సొమ్ము పంపితినని బొమ్మ చూపినంత మాత్రమున దుకాణదారుడు సరుకు ఇయ్యరాదు. తన ఖాతాలో సొమ్ము పడినదో లేదో చూచుకొనవలెను. న్యాయస్థానములో సైతము 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము ప్రకారము, ఇట్టి నకళ్లను దాఖలు చేయునప్పుడు తగిన ధ్రువపత్రము జతచేయవలసి యుండును. మూడవది, రహస్య సంఖ్యలు కనబడు తెరను పట్టి ఎవ్వరికిని పంపరాదు.

కార్యనిర్వాహకులకు ఒక మనవి. మన గ్రంథాలయములో పుస్తకము చేరగానే సంఖ్య వేసి, తేదీ వేసి పట్టికలో ఎక్కించుచున్నారు గదా. ఊరికి సంబంధించి తెరమీద వచ్చు ప్రకటనలను, వార్తలను, ఛాయాచిత్రములను గూడ అట్లే తేదీతో పట్టి, ముఖ్యమైనవానిని కాగితముపై ముద్రించి, ఒక దస్త్రముగా కూర్పుడు. ఖర్చు స్వల్పము. మన ఊరి చరిత్రను ముందు తరమువారు వ్రాయదలచిననాడు దాని విలువ తెలియును. ఆనాడు వెదకిన లాభము లేదు. ఈనాడే మొదలు పెట్టవలెను.

చోటు కొంచెమే తీసికొని, ఒకరి పనికి అడ్డురాక, పిలిచిన వెంటనే పలికి, కనుమఱుగగుదానిని నిలిపి తొలగు గుణమును ఆ చిన్న ప్రోగ్రాములో చూచితిమి. ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రంథాలయము గూడ అట్లే ఊరి నడుమ నివసించుచున్నది. చదువరి వచ్చి అడుగుటకు ముందే పుస్తకమును తెచ్చి యుంచినది. ఇకముందును అట్లే వర్ధిల్లవలెనని కోరుచున్నాను.